నేరం ఊరిబిండిది కాదు, రాత్రి పదకొండు గంటల భోజనానిది

ప్రశ్న: నాకు 48 ఏళ్లు. తిరుపతి గాంధీ రోడ్డులో చిన్న ఫ్యాన్సీ షాపు నడుపుతున్నాను. ఎత్తు 166 సెంటీమీటర్లు, బరువు 82 కిలోలు, ప్యాంటు సైజు 40. మూడేళ్లుగా బీపీకి ఆమ్లోడిపిన్ వేసుకుంటున్నాను. దాదాపు అప్పటి నుంచే గుండెల్లో మంట, పులితేపులు. పడుకుంటే నోట్లోకి పుల్లటి నీళ్లు వస్తాయి. షాపు మూసి ఇంటికెళ్లి తినేసరికి 11 అవుతుంది. శనివారం ఒక్కపొద్దు ఉంటాను, ఆ రాత్రే మంట మరీ ఎక్కువ. మందుల షాపులో ఇచ్చిన గ్యాస్ క్యాప్సూల్ మూడేళ్లుగా రోజూ రాత్రి తిన్నాక వేసుకుంటున్నాను. కారం, ఊరిబిండి పచ్చడి మానేసినా లాభం లేదు. ‘గ్యాస్ ట్రబుల్ ఎవరికి లేదబ్బా’ అంటారు తెలిసినవాళ్లు. నిజంగా అంతమందికి ఉంటుందా? ఎవరికి ఎక్కువగా వస్తుంది? మా అమ్మకూ ఉంది. ఇప్పుడు ఏడో నెలలో ఉన్న మా అమ్మాయికీ మొదలైంది. ఇది వంశంలోనే ఉందా? క్యాన్సర్ అవుతుందేమోనని భయంగా ఉంది.
ఒక పాఠకుడు, తిరుపతి

సమాధానం: మీరు చెప్పిన లక్షణాలు రిఫ్లక్స్ జబ్బువే. అంటే కడుపులో ఉండాల్సిన యాసిడ్ అన్నవాహికలోకి ఎగదన్నడం. ఆ సంగతిలోకి వెళ్లే ముందు ఒకటి తేల్చుకోవాలి. మీకు మంట నడిచేటప్పుడు గానీ, మెట్లెక్కేటప్పుడు గానీ వస్తోందా? అలిపిరి నుంచి కొండకు 3,550 మెట్లు. గాలిగోపురం దాకా కూడా పోకముందే ‘గ్యాస్ పట్టేసింది’ అని కూలబడి, ఐదు నిమిషాలు కూర్చోగానే తగ్గిపోయి, మళ్లీ ఎక్కగానే మళ్లీ పట్టేస్తే అది గ్యాస్ అని సరిపెట్టుకోకూడదు. శ్రమతో వచ్చి విశ్రాంతితో తగ్గే ఛాతీ నొప్పిని గుండె నొప్పిగానే చూడాలి. మీ వయసు, బీపీ, పొట్ట మూడూ గుండెజబ్బుకు కూడా దారులే. కాబట్టి ఒక ఈసీజీ తీయించుకోండి. విశ్రాంతిగా పడుకుని ఉన్నప్పుడు తీసిన ఈసీజీ బాగుందన్నంత మాత్రాన తేలిపోదు, శ్రమతో వచ్చే నొప్పయితే ట్రెడ్‌మిల్ పరీక్ష అవసరమా అని డాక్టరును అడగండి. ఛాతీ బరువెక్కి, చెమటలు పట్టి, దవడ లేదా ఎడమచేయి లాగుతూ ఉంటే ‘ముందు ఈనో తాగి చూద్దాం’ అనే మాటే వద్దు, 108కి ఫోన్ చేయాలి.

ఇక మీ స్నేహితుల మాట. మన దగ్గర ‘గ్యాస్’ అనే ఒక్క సంచిలో పొట్ట ఉబ్బరం, తిన్నాక కడుపులో బరువు, కడుపులో పుండు, రిఫ్లక్స్ అన్నీ వేసేస్తాం. అందుకే అందరికీ ఉన్నట్టు అనిపిస్తుంది. పెళ్లి భోజనం తిన్న రాత్రి ఒకసారి పులితేపు రావడం జబ్బు కాదు, అది ఎవరికైనా వస్తుంది. వారానికి కనీసం ఒకసారైనా ఛాతీలో మంటో, పుల్లటి నీళ్లు పైకి రావడమో ఉంటేనే సర్వేల్లో రిఫ్లక్స్ కింద లెక్క వేస్తారు. ఆ లెక్కన ప్రపంచం మొత్తం మీద నూటికి 13, 14 మంది. ఉత్తర అమెరికాలో 18 నుంచి 28 మంది దాకా, చైనా, జపాన్ వైపు 8 మందికి లోపే. మన దేశంలో జీర్ణకోశ వైద్యుల సంఘం ఆధ్వర్యంలో పలు నగరాల్లో చేసిన సర్వే 2011లో వచ్చింది, అందులో నూటికి 7.6 మంది తేలారు. మన దేశంలో జరిగిన ఇలాంటి సర్వేలను కలిపి 2019లో లెక్కగడితే 15 దాటింది. మీకు దగ్గరి ఉదాహరణ కావాలంటే వెల్లూరు ప్రాంతం. అక్కడ పల్లెల్లో నూటికి సుమారు 5 మందికి ఉంటే, పట్నంలో 11 మందికి ఉంది. ఒకే నీళ్లు, ఒకే చింతపండు, ఇంచుమించు ఒకే కారం తినే జనంలో పట్నం వాళ్లకు రెట్టింపు ఎందుకుందో చూస్తే మీ రెండో ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. బరువు, కూర్చుని చేసే పని, పొద్దుపోయాక తినే తిండి.

ఎలా ఎగదన్నుతుందో తెలిస్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. అన్నవాహిక కడుపులో కలిసే చోట ఒక కండరపు వలయం బిగుసుకుని ఉంటుంది. మింగినప్పుడు తెరుచుకుంటుంది. ఇంకొకటి, కడుపు పైభాగం సాగినప్పుడల్లా లోపలి గాలి బయటికి పోవడానికి కొన్ని సెకన్లు తనంతట తానే వదులవుతుంది. తేపు వచ్చేది అలాగే. ఆ తెరుచుకున్న కాసేపట్లో గాలితో పాటు యాసిడ్ కూడా పైకి వస్తే అది రిఫ్లక్స్. చాలామందిలో యాసిడ్ తయారయ్యేది మామూలు మోతాదులోనే. కడుపు లోపలి పొర దాన్ని తట్టుకుంటుంది, అన్నవాహిక పొర తట్టుకోలేదు, బాధంతా అక్కడే. కాబట్టి ఆ వలయాన్ని వదులు చేసేది, కడుపును కిందనుంచి నొక్కేది, కడుపును ఎక్కువసేపు నిండుగా ఉంచేది ఏదైనా ప్రమాదమే. మీ ఉత్తరంలో ఈ మూడూ ఉన్నాయి.

నొక్కేది మీ పొట్ట. 82 కిలోలను మీ ఎత్తుతో లెక్కేస్తే బీఎంఐ దాదాపు 30. మన దేశస్థులకు 25 దాటితే చాలు, ఊబకాయం కింద చూస్తారు. ప్యాంటు సైజును నమ్మకండి, చాలామంది ప్యాంటును బొజ్జ కిందికి జార్చి కడతారు కాబట్టి అసలు కొలత దాగిపోతుంది. కింది పక్కటెముకకూ తుంటి ఎముక పై అంచుకూ నడిమధ్య టేపు చుట్టి, ఊపిరి వదిలాక కొలవండి. మగవాళ్లలో 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లలో 80 దాటితే పొట్ట ఎక్కువున్నట్టే. మీకు 100 పైనే వస్తుందని నా అంచనా. అమెరికాలో వేలమంది నర్సుల మీద జరిగిన ఒక పరిశీలన 2006లో వచ్చింది. బీఎంఐ 3.5కు మించి పెరిగినవాళ్లలో, మొదట మామూలు బరువున్నా సరే, మంట తరచుగా రావడం దాదాపు మూడు రెట్లయింది. అంతే తగ్గినవాళ్లలో సుమారు 40 శాతం తగ్గింది. మీ ఎత్తుకు 3.5 అంటే తొమ్మిదిన్నర కిలోలు. అదే మీ లక్ష్యం, ఏడాది తీసుకున్నా ఫరవాలేదు. మొదటి నాలుగైదు కిలోలు తగ్గేసరికే తేడా తెలిసేవాళ్లున్నారు. ఆలోపు బెల్టును ఒక రంధ్రం వదులు చేయండి. షాపులో బల్ల మీద కూర్చుని కింది అరలోకి వంగి సరుకు తీస్తుంటారు కదా, తిన్న గంటలో ఆ పని మోకాళ్లు వంచి కూర్చుని చేయండి, నడుము దగ్గర వంగకండి.

కడుపును నిండుగా ఉంచేది మీ వేళ. 11కి తిని పదకొండున్నరకు నడుం వాలుస్తున్నారు. నూనె తక్కువున్న మామూలు భోజనమే కడుపులోంచి చాలావరకు దిగడానికి మూడు నాలుగు గంటలు పడుతుంది, నూనె ఎక్కువైతే ఇంకా ఆలస్యం. నిలబడి ఉన్నప్పుడు ఎగదన్నిన యాసిడ్ బరువుకే కిందికి జారుతుంది, ఉమ్మి దాన్ని కడిగేస్తుంది. పడుకుంటే జారదు. నిద్రలో ఉమ్మి ఊరడం, మింగడం కూడా బాగా తగ్గిపోతాయి. అందుకే పగలు వచ్చే పదిసార్ల కన్నా రాత్రి వచ్చే ఒక్కసారి అన్నవాహికను ఎక్కువ కాలుస్తుంది.

శనివారం సంగతి ఇంకా తేలిక. పగలంతా ఏమీ తినరు, మధ్యమధ్య కాఫీ పడుతుంది, రాత్రి టిఫిన్ పేరుతో నాలుగు దోసెలో, పళ్లెం నిండా పులిహోరో ఒక్కసారే పడతాయి. ఖాళీగా ఉన్న కడుపు అకస్మాత్తుగా సాగుతుంది, వలయం పదేపదే వదులవుతుంది, దాని మీద మీరు పడుకుంటారు. ఒక్కపొద్దు మానమని చెప్పడం లేదు. ఆ ఒక్క పొద్దును సాయంత్రం ఏడు గంటలకు మార్చండి, రెండు ఇడ్లీలో ఒక కప్పు ఉప్మానో దగ్గర ఆపండి. పగలు కాఫీ ఒక్కటి చాలు, మిగతా వేళల్లో మజ్జిగ.

మామూలు రోజుల్లో క్యారియర్ షాపుకే తెప్పించుకుని ఏడున్నర, ఎనిమిది మధ్య తినేయండి. గాంధీ రోడ్డులో ఆ వేళకే గిరాకీ ఎక్కువని తెలుసు. ఐదు నిమిషాల్లో గబగబా మింగితే గాలి కూడా లోపలికి పోయి తేపులు పెరుగుతాయి కాబట్టి కౌంటర్ దగ్గర ఇంకొకరిని కూర్చోబెట్టి పావుగంట తీసుకోండి. ఇంటికెళ్లాక ఆకలేస్తే గ్లాసుడు పలుచని మజ్జిగ, లేదా ఒక అరటిపండు. సంగటి తినాలనుంటే మధ్యాహ్నం తినండి. రాత్రి రెండు ముద్దల సంగటి మీకు పనికిరాదు, రాగులు చెడ్డవని కాదు, ముద్ద పెద్దది.

కారం మీద మీకున్న కోపం సగమే న్యాయం. ఇప్పటికే కాలి ఉన్న అన్నవాహిక మీద మిరపకారం తగిలితే మండుతుంది, నిజమే. జబ్బు పుట్టించేది మాత్రం అది కాదు. ఊరిబిండిలో నేను అనుమానించేది శెనక్కాయలను, వాటిలో దాదాపు సగం నూనే. ఒక చెంచా ఊరిబిండి మధ్యాహ్నం తింటే ఏమీ కాదు. అదే గిన్నెడు వేసుకుని రాత్రి తింటే బరువు. పుదీనా, పిప్పరమెంటు బిళ్లలు వలయాన్ని వదులు చేస్తాయి, కడుపు చల్లబడుతుందని తిని లోపలి తలుపు తెరుస్తున్నామన్నమాట. గోలీసోడా తాగితే పెద్ద తేపు వచ్చి హాయిగా ఉన్నట్టుంటుంది, ఆ తేపుతోనే యాసిడ్ కూడా వస్తుంది. చల్లటి పాలు ఓ అరగంట చల్లబరుస్తాయి, ఆ తర్వాత కడుపు ఇంకాస్త యాసిడ్ ఊరిస్తుంది. పాఠకులు పంపే ‘తినకూడనివి’ జాబితాలు ఒక్కోసారి రెండు పేజీలుంటాయి. అన్నీ మానేయనక్కర్లేదు. గోడకున్న తెలుగు క్యాలెండర్లో రెండు వారాల పాటు తేదీ గడిలో మంట వచ్చిన రాత్రి ఒక గుర్తు పెట్టి, పక్కనే తిన్న వేళ, తిన్నది రెండు మాటల్లో రాయండి. మూడుసార్లు దొరికిపోయిన వస్తువునే మానండి.

వలయాన్ని వదులు చేసేవాటిలో మీ బీపీ మాత్ర కూడా ఉంది. ఆమ్లోడిపిన్, నిఫెడిపిన్ రక్తనాళాల కండరాన్ని సడలించే మందులు. అన్నవాహిక చివర ఉన్న కండరాన్నీ కొంత సడలిస్తాయి. మూడేళ్ల కిందట మాత్ర, ఇంచుమించు అప్పుడే మంట అని మీరే రాశారు, ఇది యాదృచ్ఛికం కావచ్చు, కాకపోవచ్చు. మీ అంతట మీరు ఒక్కరోజు కూడా మాత్ర ఆపవద్దు. వేరే రకం మందుకు మార్చవచ్చా అని బీపీ చూసే డాక్టరును అడగండి, మార్చదగినవి ఉన్నాయి. గుండెకు వాడే నైట్రేట్లు, ఆస్తమాకు ఇచ్చే థియోఫిలిన్, కొన్ని రకాల డిప్రెషన్ మందులు కూడా ఇదే పని చేస్తాయి. ఒళ్లు నొప్పులకని షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ దారి వేరు, అవి పొరనే దెబ్బతీస్తాయి. ఈనో పొట్లం అలవాటుంటే అది కూడా చూసుకోండి. ఒక పొట్లంలో 800 మిల్లీగ్రాములకు పైగా సోడియం ఉంటుంది. బీపీ ఉన్న మనిషికి రోజు మొత్తానికి ఉండాల్సిన 2 గ్రాముల్లో అది పెద్ద వాటా.

మిగతా ప్రమాదాలు త్వరగా చెప్పేస్తాను. వయసు, ముఖ్యంగా 50 దాటాక. పొగాకు, అది బీడీ అయినా నమిలేది అయినా, వలయాన్ని వదులు చేస్తుంది. బీడీ, సిగరెట్లు ఉమ్మిని కూడా తగ్గిస్తాయి. హయేటస్ హెర్నియా, అంటే కడుపు పైభాగం ఛాతీనీ పొట్టనూ వేరుచేసే కండరపు పొరలోని (ఉదరవితానం) సందుగుండా ఛాతీలోకి జారడం. చాలా ఏళ్లుగా ఉన్న షుగరులో కడుపు నెమ్మదిగా ఖాళీ అవుతుంది. ఆస్తమాకు, రిఫ్లక్స్‌కు రెండు వైపులా లంకె ఉంది. వంశం పాత్ర కొంత ఉందని కవలల మీద చేసిన పరిశీలనలు చెప్పాయి. అయితే ఒక ఇంట్లో ముగ్గురికి ఉందంటే జన్యువుల కన్నా ముందు ఆ ఇంటి వంటనూనెనూ భోజనాల వేళనూ అనుమానించాలి. మీ ఇంట్లో ముగ్గురివీ మూడు వేర్వేరు కారణాల్లా ఉన్నాయి.

ఇప్పుడు మీ క్యాప్సూల్. పేరు చివర ‘డి’ గానీ ‘డీఎస్ఆర్’ గానీ ఉందేమో పట్టీ వెనక చూడండి. ఉంటే అందులో యాసిడ్ తగ్గించే పాంటాప్రజోల్‌తో పాటు డోమ్‌పెరిడోన్ కూడా ఉంటుంది. ఈ రెండోది కొందరిలో గుండె లయను దెబ్బతీయగలదు. అందుకే ఐరోపాలో 2014 నుంచి దాన్ని వాంతులు, వికారానికే, అదీ ఒక వారానికి మించకుండా వాడమన్నారు. మూడేళ్లు కాదు. రోజూ వాడే మందుల జాబితా మొత్తం డాక్టరు ముందు పెట్టండి.

పాంటాప్రజోల్ మంచి మందే, మీరు వేసుకునే వేళే తప్పు. కడుపు పొరలో యాసిడ్‌ను తోడే పంపులుంటాయి, అవి ఆహారం చూసి పనికి దిగుతాయి. మందు అప్పటికే రక్తంలో సిద్ధంగా ఉంటే వాటిని పట్టేస్తుంది. తిన్నాక వేసుకుంటే అది చేరేసరికి ఆ పూట పని అయిపోయి ఉంటుంది. ఉదయం టిఫిన్‌కు 30 నుంచి 60 నిమిషాల ముందు, పరగడుపున, నీళ్లతో. నమలకూడదు, పొడి చేయకూడదు. మొదటి రోజే అద్భుతం జరగదు, పూర్తి బలం రావడానికి మూడు నాలుగు రోజులు పడుతుంది. మామూలుగా ఒక కోర్సు 8 వారాలు. ఏళ్లతరబడి వేసుకుని ఒక్కసారిగా ఆపితే, అణిగి ఉన్న పంపులు ఒక్కుమ్మడిగా లేచి, ఒకటి రెండు వారాలు ముందుకన్నా ఎక్కువ మంట పుడుతుంది. జనం దాన్ని చూసి ‘మాత్ర లేకపోతే బతకలేను’ అనుకుని మళ్లీ మొదలుపెడతారు. 40 మిల్లీగ్రాముల నుంచి 20కి, రెండు నుంచి నాలుగు వారాల తర్వాత రోజు విడిచి రోజుకు, అలా దిగాలి. ఆ మధ్య మంట లేస్తే భోజనం తర్వాత యాంటాసిడ్ సిరప్ రెండు చెంచాలు సర్దుతుంది. ఇదంతా ఎండోస్కోపీలో (గొంతులోంచి కెమెరా గొట్టం దింపి చూసే పరీక్ష) తీవ్రమైన గాయాలు లేవని తేలాకే. అవి ఉన్నవాళ్లు మాత్ర ఆపకూడదు, వాళ్లకు దీర్ఘకాలం అవసరం. ఏళ్లుగా వాడుతున్నారు కాబట్టి బీ12, మెగ్నీషియం ఒకసారి చూపించుకోండి.

మంచం సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గానీ రాత్రి బాధకు దీన్ని మించిన ఖర్చులేని వైద్యం లేదు. తలవైపు మంచంకోళ్లను 6 నుంచి 8 అంగుళాలు లేపాలి. మామూలు ఇటుక మందం 3 అంగుళాలు, కాబట్టి కోడు కింద రెండు ఇటుకలు పరిస్తే 6 వస్తుంది. టైల్స్ నేల మీద ఇటుక జారుతుంది, కింద పాత సైకిల్ ట్యూబు ముక్కో, గోనెసంచి ముక్కో వేయండి. మంచం రెండు వైపులా ఎత్తు సమానంగా ఉందో లేదో చూసుకోండి. లేకపోతే రెండో రాత్రికే నడుం నొప్పని ఇటుకలు తీసేస్తారు. దిండ్లు రెండు మూడు పేర్చుకోవడం దీనికి బదులు కాదు. మెడ ఒక్కటే లేచి పొట్ట మడతపడుతుంది, ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. చాప మీద పడుకునేవాళ్లయితే నడుము నుంచి తల దాకా వాలుగా ఉండే ఫోమ్ దిమ్మె చేయించుకోవచ్చు. ఎడమవైపు తిరిగి పడుకోండి. ఆ భంగిమలో కడుపు సంచి అన్నవాహిక నోటికన్నా కింద ఉంటుంది, కుడివైపు తిరిగితే తలకిందులవుతుంది.

క్యాన్సర్ భయానికి వస్తే, ఏళ్లతరబడి యాసిడ్ తగిలిన కొందరిలో అన్నవాహిక కింది పొర మారిపోతుంది, దాన్ని బారెట్స్ అంటారు. అలా మారినవాళ్లలో కూడా, కణాల్లో చెడు మార్పులు ఇంకా లేకపోతే, ఏడాదికి వెయ్యిమందిలో ఒకరి నుంచి ముగ్గురికి మాత్రమే అది క్యాన్సర్ వైపు పోతుంది. మగవాళ్లు, 50 దాటినవాళ్లు, పొట్ట ఎక్కువున్నవాళ్లు, పొగతాగేవాళ్లు, ఐదేళ్లకు మించి మంట ఉన్నవాళ్లకు అవకాశం ఎక్కువ. మన దేశంలో అన్నవాహిక క్యాన్సర్లలో ఎక్కువ భాగం ఇంకో రకం. దానికి కారణం పొగాకు, వక్క, సారా, రిఫ్లక్స్ కాదు. అయినా మూడేళ్లు పరీక్ష లేకుండా మందు మింగారు కాబట్టి ఒక ఎండోస్కోపీ చేయించుకోండి, ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లోనూ చేస్తారు. 6 నుంచి 8 గంటలు ఏమీ తినకుండా వెళ్లాలి. డాక్టరు ఒప్పుకుంటే రెండు వారాల ముందు పాంటాప్రజోల్ ఆపి చేస్తే మంచిది, మందు మీద ఉన్నప్పుడు చూస్తే గాయాలు మానిపోయి కనిపించవు. ఒకటి ముందే తెలుసుకోండి, రిఫ్లక్స్ ఉన్నవాళ్లలో సగానికి పైగా ఎండోస్కోపీలో ఏమీ కనిపించదు. ‘నార్మల్’ అని రాశారంటే జబ్బు లేదని కాదు, గాయం లేదని. ముద్ద గొంతు దిగకుండా అడ్డుపడినా, కారణం లేకుండా బరువు తగ్గినా, మలం తారులా నల్లగా వచ్చినా, రక్తం కక్కినా, రక్తం తక్కువుందని తేలినా ఆ వారంలోనే వెళ్లాలి.

మీ అమ్మగారు వక్కాకులో పొగాకు నములుతారా, ఎముకల బలానికి వారానికోసారి వేసుకునే అలెండ్రోనేట్ మాత్ర ఉందా, ఈ రెండూ అడగండి. ఆ మాత్ర గొంతులో నిలిస్తే అక్కడే పుండు చేస్తుంది. నిండు గ్లాసుడు నీళ్లతో మింగి, కనీసం అరగంట కూర్చునో నిలబడో ఉండాలి. ఆ వయసులో మంట కొత్తగా మొదలైతే నేరుగా ఎండోస్కోపీకే తీసుకెళ్లండి.

అమ్మాయి గురించి దిగులు పడకండి. గర్భిణుల్లో సగం మందికి, అంతకన్నా ఎక్కువ మందికి కూడా, ఇది వస్తుంది. ప్రొజెస్టెరాన్ హార్మోన్ వలయాన్ని వదులు చేస్తుంది, ఆఖరు నెలల్లో గర్భసంచి కడుపును పైకి నెడుతుంది. తల్లికి మంట ఉంటే బిడ్డకు జుట్టు ఒత్తుగా ఉంటుందని మన ఇళ్లలో పెద్దవాళ్లు అంటుంటారు, ఆ మాటతో నవ్వించండి గానీ ఈనో, వంటసోడా ఇవ్వవద్దు. సీమంతం పలహారాలు కొంచెం కొంచెంగా రోజుకు ఐదారుసార్లు తినమనండి, ఎడమవైపు తిరిగి పడుకోమనండి. తగ్గకపోతే ఏ యాంటాసిడ్ ఎంత తాగాలో ఆమెను చూస్తున్న డాక్టరునే అడగమనండి. ఎక్కువమందికి కాన్పయిన కొద్దిరోజుల్లోనే పోతుంది.